సీసాలో పుట్టిన ఒంటరి పురుగు

పెరూ తీరపు లోయలో, టమాటా సాళ్ళ మధ్య అనిసెటో, ఆకు తొలిచే రెక్కల పురుగులు తేలుతున్న సబ్బునీళ్ళ బేసిన్ మీదికి వంగి ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. భర్త పోయిన అతని వదిన ఫ్లోరిపెస్ గాజుసీసా పట్టుకుని వచ్చింది.

“చూశావా వదినా! ఆడపురుగు వాసన బిళ్ళ ఇలా వేలాడదీశానో లేదో, మగపురుగులన్నీ పెళ్ళికొడుకుల్లా ఎగిరొచ్చి మునిగాయి. లోయలో ఒక్కటి మిగిలుంటే నా మీసం తీసేస్తా!”

“అయితే తోట దక్కినట్టేనా మరిదీ?”

“మగవి లేకుండా ఆడవి గుడ్లెలా పెడతాయి? పురుగు వదిలిస్తే పొలం నాదేనన్నావుగా, మాట ప్రకారం అప్పగించు. మగదిక్కు లేని తోట నిలవదని అన్న పోయిననాడే చెప్పా.”

“అప్పగిస్తాలే. ముందు ఈ సీసా చూడు. ఒకే ఒక్క పురుగు గూడు, ఒక టమాటా కొమ్మ ఇందులో వేసి గుడ్డ కట్టాను. పురుగు ఇందులోనే రెక్కలు విప్పింది. మగదాని మొహమే చూడలేదు.”

“పాపం, కన్యగానే చచ్చిందా!”

“గుడ్లు పెట్టి చచ్చింది. ఆ కొమ్మ ఇంట్లో దోమతెర కింద పెంచిన మొక్కది, వేరే పురుగేదీ దాని మీద వాలలేదు. ఎండకెత్తి చూడు.”

ఎత్తాడు. ఆకు పొరల మధ్య తెల్లటి చారల్లో సన్నని పిల్లపురుగులు మెసులుతున్నాయి.

“మరియమ్మ తల్లీ! మగదే లేకుండానా?”

“లేకుండానే.”

“మరి... నా బేసిన్?”

“మగవాటిని ముంచడానికి బాగానే ఉంది. తోటంతా ఇలాంటి చారలే. ఈ ఆకులన్నీ ఇవాళే కోసి కాల్చకపోతే కాయ దక్కదు.”

అనిసెటో చాలాసేపు మీసం తడుముకున్నాడు. తర్వాత మెల్లగా తట్ట ఎత్తుకున్నాడు.

“ఏ సాలు నుంచి మొదలెట్టమంటావు వదినా?”