పరలోకానికి సున్నం కొట్టాను

"తాతయ్యా, ఆ చర్చి గోడ మీద పరలోకం వేసింది నువ్వేనటగా?"

వేసింది నేనే, సున్నం కొట్టి చెరిపేసిందీ నేనే తల్లీ. మన ఇంట్లో అందరూ మగ్గం నేస్తుంటే, నాకేమో తెగిన పోగు అతకడం కూడా వచ్చేది కాదు. అందుకని పామర్రులో బోర్డులు రాసుకుంటూ బతికాను. అప్పుడు రంగు డబ్బా ఎంతనుకున్నావు... సర్లే, అది వదిలెయ్. ఉయ్యూరు దగ్గర, కాదు కాదు, ఉయ్యూరు దాటాక ఓ చిన్న చర్చి. అక్కడి పెద్ద అయ్యగారు, పాస్టరుగారిని అలాగే అంటార్లే, ఆయన పిలిచి ముందు గోడకి పరలోకం వెయ్యమన్నారు. బంగారు వీధులు, ముత్యాల గుమ్మాలు. ముత్యాల గుమ్మం నేనెక్కడ చూశాను చెప్పు? బెజవాడలో సినిమా హాలు గేటు చూశాను. అదే వేశాను. దేవదూతలకి కూచిపూడి డాన్సు వాళ్ళ కళ్ళు పెట్టాను. ఇద్దరికి మెల్ల కూడా వచ్చింది. అయినా అందరూ మెచ్చుకుంటే కాలరెగరేశాను.

చాలా ఏళ్ళకి కుర్ర అయ్యగారొచ్చారు. బాగా చదువుకున్న మనిషి. అప్పటికి గోడ పెచ్చులూడుతోంది. "మాస్టారూ, మళ్ళీ వేద్దాం. ఈసారి వేరేగా" అన్నారు.

"పరలోకం మారిపోతుందాండీ?" అన్నాను, ఏదో తెలివైన ప్రశ్న వేసినట్టు.

"మనుషులు దాన్ని అనుకోవడం మారుతూ వచ్చిందండీ. పూర్వం యూదులు, మంచివాడైనా చెడ్డవాడైనా పోయాక అందరూ కిందికి చీకట్లోకే అనుకునేవారు. తర్వాత, తన కోసం ప్రాణమిచ్చినవాళ్ళని దేవుడు మట్టిలో వదిలేస్తాడా, లేపుతాడు అన్నారు. మొదటి క్రైస్తవులూ అంతే. ఒంటితోనే లేస్తాం, దేవుడు ఈ నేలనే కొత్తది చేసి మనతో ఉంటాడని ఎదురుచూశారు. ఆ రోజు ఎంతకీ రాలేదు. పోగానే ఆత్మ పైకెళ్తుందన్న మాట నిదానంగా బలపడింది. అక్కడ మనవాళ్ళంతా ఎదురొస్తారు, ఇల్లులా ఉంటుందని గట్టిగా చెప్పుకోవడం ఈ మధ్య కాలంలోనేనండీ" అన్నారాయన.

నాకు సగం అర్థమైంది. ఆ సగంతోనే "అయితే ఈ నేలే కదా, పొలం వేద్దామా?" అన్నాను. నవ్వి సరేనన్నారు.

సున్నం కొడుతుంటే, మరియమ్మగారని, భర్త పోయి ఏడాది కూడా కాలేదు, వెనక బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. "ఆదివారం ఆ గేటు చూస్తూ, మా ఆయన లోపలే ఉన్నాడనుకునేదాన్నండీ. ఇప్పుడెక్కడ చూసుకోను?" అంది.

సున్నం కుంచె పక్కన పెట్టేశాను. అయ్యగారికి చెబితే ఆయనా తల దించుకున్నారు. "నేను పుస్తకమే చూశాను మాస్టారూ, ఆవిణ్ణి చూళ్ళేదు" అన్నారు.

వరిచేను వేశాను, కాలవ వేశాను. గట్టు మీద పార భుజానేసుకుని వెళ్తున్న మనిషిని కూడా వేశాను. వెనకనుంచి. మరియమ్మగారి ఆయనే అనుకుని వేశాను గానీ, ఆయన్ని నేనెప్పుడూ చూసింది లేదు, పైగా మొహాలు నాకు కుదరవు. అయినా ఏదో ఘనకార్యం చేసినట్టు ఆవిణ్ణి పిలిచి చూపించాను.

గోడ దగ్గరికొచ్చి చూసింది. "మా ఆయనకి గూనండీ" అంది.

చూడూ, నా గొప్పంతా అక్కడికక్కడే దిగిపోయింది. "ఇప్పుడే దిద్దేస్తానమ్మా" అని కుంచె తీశాను.

"వద్దండీ" అంది. "లేచాక నిటారుగానే నడుస్తాడు లెండి."

రంగు వాసన పడలేదని చెప్పి బయటికెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. ఎవరూ నమ్మలేదులే... నీకు ఏ లోటూ రాకూడదు తల్లీ, చల్లగా ఉండు.