దాలమ్మ వాటా

గవరయ్య అని ఒకడున్నాడనుకో. ఆడిలో ఉన్న మంచి గుణం ముందు చెప్పీవాలి. జన్మలో ఎవర్నీ ఏదీ అడిగీవాడు కాదంట. అడిగితే పాపం అవతలోళ్లకి శ్రమ కదా, అందుకని. దారి తెలీకపోతే మూడు మైళ్లు చుట్టు తిరిగైనా వస్తాడు గాని, "ఇటా, అటా" అని అడగడు. అంత మర్యాదస్తుడు. ఆ మర్యాదతోటే పుట్టగొడుగులకీ ఎళ్లీవాడు. నేర్పమని ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా తనంతట తనే నేర్చీసుకున్నాడంట. జేష్టంలో తొలి ఉరుము ఉరిమితే కొండవార చెదపుట్టల మీద, శ్రావణంలో కుళ్లిన గడ్డికుప్పల పక్కన, కార్తీకంలో జల్లు పడితే ఎదురుబొంగు పొదల్లో. ఎప్పుడు ఎక్కడ మొలుస్తాయో ఆడికి తెలిసినట్టు ఎవడికీ తెలీదు. మరి ఏవి తినీవి, ఏవి కావు? అదీ తెలుసుననీవాడు. పెళ్లాం పైడమ్మ కాలి మెట్టె తీయించి ఉడికే కూరలో పడీసీవాడు. మెట్టె నల్లబడలేదా, మంచి గొడుగన్నమాట. నవ్వకండర్రా, మీ తాతలూ పడీసినోళ్లే.

ఏటైందంటే, కొండ దిగీ దారిలో మొదటి గుమ్మం దాలమ్మది. వరసకి ఆడికి పెద్దమ్మ, ఒంటరి ముసల్ది. గంప కనపడితే చాలంట, "ఒరే గవరా, దించరా, నా వాటా నన్ను తీసుకోనీ" అనీది. కెలికి కెలికి తీసీది. అయ్యీ ఎలాటివనుకున్నారు? తెల్లగా పాలనురగలాగ, మెడకి ఉంగరం తొడిగినట్టు, అందమైనవన్నీ ఏరుకునీది. మూడేళ్లు అలాగే ఇచ్చేడు పాపం. ఇంటికొచ్చి, ముసల్దానికి పళ్లు లేవు గాని నా మంచివన్నీ దానికే కావాలే పైడీ, అని ఒకటే ఏడుపంట.

నాలుగో ఏడు శ్రావణంలో గంపనిండా దొరికాయి. ఈసారి ఒక్కటీ ఇవ్వను అనుకున్నాడు. దాలమ్మ గుమ్మం తప్పించి గెడ్డలో దిగి, మోకాటి లోతు నీళ్లలో పడి, లేచి, గంప మాత్రం తడవకుండా ఇల్లు చేరాడంట. పైడమ్మ ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఏసి కూరొండింది. మెట్టె పడీసేరు. తెల్లగా మెరుస్తూనే ఉంది. ఆడపిల్లలిద్దరూ కంచాల ముందు కూచున్నారు. పెద్దది ముద్ద కలిపీసింది కూడానంట. అప్పుడు గుమ్మంలో కర్ర చప్పుడు. ఎవరూ? దాలమ్మ! రొప్పుతా, "ముద్ద దించవే!" అని ఒకటే కేక. గవరయ్యకి ఒళ్లు మండిపోయింది. గెడ్డ దాటతంటే చూసీసేవా, వాటాకి ఇంటిదాకా వచ్చీసేవా అన్నాడంట. ముసల్ది గరిటెతో దాకలో కెలికి ఒకటి పైకి తీసింది. మెడకి ఉంగరం.

"ఇది తింటే నీ పిల్లలు దక్కరురా. మూడేళ్లుగా నా వాటా ఏటనుకున్నావు? ఒక్కటీ వండలేదు. పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టేను, కోళ్లకి కూడా అందకుండా."

"మెట్టె నల్లబడలేదు కదా పెద్దమ్మా..."

"మెట్టెకేటి తెలుసురా? అది తింటాదా, చస్తాదా?"

"మరి ముందే చెప్పొచ్చు కదా?"

"నువ్వడిగేవా?"

కూరంతా గోతిలోకి ఎల్లిపోయింది. పైడమ్మ ముసల్దాని కాళ్లు పట్టుకుని ఎంతకీ వదల్లేదంట. ఆ పూట అందరూ గంజే తాగేరు. ముసల్దాన్నీ కూచోబెట్టి తాగించేరు. పిల్లలు గంజి జుర్రతా ఉంటే ఆ చప్పుడు వింటా కూచున్నాడంట గవరయ్య. అంత మంచి చప్పుడు ఆడు పుట్టి ఎరగడు.

ఆ తరవాత ఏ కాలంలో ఏ గంపైనా ముందు దాలమ్మ గుమ్మంలోనే దిగీది. "చూడు పెద్దమ్మా" అని అడిగీవాడు. అడగడం మాత్రం నేర్చుకున్నాడు. దాలమ్మ పోయి ఇరవయ్యేళ్లయింది. పోయేలోగా, ముద్ద కలిపిన ఆ పెద్దపిల్లకి అన్నీ నేర్పీసింది. ఇప్పుడు గంప ఆ పిల్ల ముందే దిగుతాది. ఉంగరం లేనివాట్లో కూడా చెడ్డవున్నాయంట. ఏవో చెప్పమని నన్నడిగితే ఎలాగర్రా? మా పెద్దమ్మాయి ఇరవయ్యేళ్లుగా చెప్తానే ఉంది. నాకింకా తెలీదు.