మలుపు దగ్గర కేక

ఏవిటే మైథా, అప్పుడే తాతకి కాళ్ళు పీకేశాయనుకున్నావా? నా కాళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఈ మలుపు దగ్గర నేనెప్పుడూ కూర్చుంటాను, అంతే. ఆ ఫ్లాస్కులో కహ్వా కాఫీ మిగిలుంటే ఓ గుక్క పొయ్యి. ఆఁ, చాలు చాలు. ఇప్పుడంటే రాళ్ళమీద ఎరుపూ తెలుపూ రంగులు పూసి దారి చూపిస్తున్నారు గానీ, మా రోజుల్లో గాడిద ఎటు పోతే అదే దారి. కింద ఊరు, పైన మా ఖర్జూరం తోట, మధ్యలో ఈ లోయ. ఈ మలుపు తిరిగితే మడుగు. ఆడవాళ్ళు నీళ్ళాడే చోటు కదా, మగాడన్నవాడు ఇక్కడ ఆగి "హూద్! హూద్!" అని కేకెయ్యాలి. ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో అరుస్తామే, అలాగే. "రావద్దు" అని వినపడిందా, ఆగిపోవాలి. "ఇక రండి" అన్నాకే అడుగెయ్యాలి. తడిబట్టల్లో ఉన్న పిల్లని పరాయివాడు చూశాడంటే ఇంకేముంది, ఊరు ఊరంతా దాన్ని నోట్లో వేసుకుని నమిలేసేది.

నువ్వు మీ నానమ్మని చూళ్ళేదు కదూ. నువ్వు పుట్టకముందే పోయింది మహాతల్లి. అచ్చం నీ ముక్కే. ఘాలియా అంటే ఊళ్ళో అందరికీ హడల్, అంత నోరు. ఈతంటే పిచ్చి. మిగతా ఆడవాళ్ళు వెళ్ళిపోయినా ఇది మాత్రం నీళ్ళలోంచి లేచేది కాదు. నేను గాడిదతో వచ్చి "హూద్!" అంటే, "రావద్దూ!" అని అరుపు. మళ్ళీ "హూద్!" "చెవుడా? రావద్దన్నానా!" ఎండకి నా మాడు మాడిపోయేది. నాకు గొంతు తెలుసు గానీ మొహం తెలీదు. అయినా రోజూ ఆ తిట్లు తినకపోతే ఏదో వెలితిగా ఉండేదనుకో. నవ్వుతావేం?

ఓ రోజు ఇలాగే నించున్నాను. ఇక్కడ ఎండ చంపేస్తోంది, దూరంగా కొండల మీద మాత్రం నల్లటి మబ్బు. గాడిద ఉన్నట్టుండి చెవులు నిక్కబొడుచుకుని వెనక్కి తిరిగింది. వరద! "ఏయ్ పిల్లా, పైన వానపడింది, బయటికి రా!" అన్నాను. నీళ్ళు తపతపా కొట్టుకున్న చప్పుడు. తర్వాత, "రాలేను. కాలు రాళ్ళలో ఇరుక్కుంది." "అయితే నేనొస్తున్నా!" "రావద్దు!" "చస్తావే!" "చస్తే చస్తాను. నువ్వు చూస్తే మాత్రం మా నాన్న తలెత్తుకోలేడు. రావద్దు!"

ఏం చెయ్యమంటావు చెప్పు? తలపాగా విప్పి కళ్ళకి గంతలు కట్టుకున్నాను. "కళ్ళు మూసుకునే వస్తున్నా, దారి చెప్పు!" అన్నాను. అప్పుడు మొదలెట్టింది చూడూ, "ఎడమకి! నీ ఎడమకిరా మొద్దూ! ముందు రాయుంది... చెప్పానా? లే, లే, ఏడుపు తర్వాత!" పడుతూ లేస్తూ మోకాళ్ళు చీరుకుపోయాయి. ఎలాగో రాయి కదిపాను. ఇద్దరం ఆ పైన కనిపిస్తోందే, ఆ గట్టు, దానిమీదికి పాకామో లేదో, ఎర్రటి నీళ్ళు విరుచుకుపడ్డాయి. నీళ్ళు తగ్గి అది ముందు ఇంటికి వెళ్ళేదాకా నేను కొండవైపు తిరిగి కూర్చున్నాను. గంతలు విప్పలేదు. అది నా వెనకాల కూర్చుని వణుకుతూనే తిడుతోంది.

ఊళ్ళోకి రాగానే వాళ్ళ నాన్న మస్‌ఊద్ నా జబ్బ పట్టుకున్నాడు. "నిజం చెప్పు. చూశావా?" "లేదు మామా." ఆయన వంగి నా కాళ్ళు చూశాడు. "కళ్ళున్నవాడికి ఇన్ని దెబ్బలు తగలవు" అన్నాడు. అంతే, పిల్లనిచ్చేశాడు. పెళ్ళిలోనే మొదటిసారి దాని మొహం చూశాను. బాగుంది... చాలా బాగుంది.

కానీ అది నమ్మిందా? జన్మలో నమ్మలేదు! కూర తాలింపు వేస్తూ, "నిజం చెప్పు, చూశావు కదూ?" చంటాడికి పాలిస్తూ, "కొంచెమైనా చూసుంటావులే." ఆఖరికి మంచంలో ఉండి, మాట కూడా పెగలట్లేదు, నన్ను దగ్గరికి రమ్మంది. "ఆ రోజు చూశావా?" అంది. "లేదే, ఒట్టు" అన్నాను. "పిచ్చి సన్నాసీ, ఒక్కసారి చూడాల్సింది" అంది. అని నవ్వింది.

సర్లే. జనం వెళ్ళిపోయినట్టున్నారు, సద్దు లేదు. నువ్వెళ్ళి ఈదుకో. నేనా? ఉండు... హూద్!... హూద్!...

నువ్వు పో తల్లీ. మీ నానమ్మ రావద్దనడం లేదు గానీ, ఇంకా రమ్మనలేదుగా. ఆ ఖర్జూరాల సంచి ఇలా పడేసి పో.