చుక్క పెట్టిన ఫిల్ములు

(జహీరాబాద్‌లో ప్రియదర్శిని ఇల్లు. ఆమె పీహెచ్‌డీ మధ్యలోనే ఆపించి పంపేసిన గైడ్ వెంకటేశ్వరరావు ఎదురుగా కూర్చున్నాడు.)

"చాయ్ చల్లారుతుంది, తాగుండ్రి సార్."

"చాయ్ సంగతి తర్వాతమ్మా. ఆ ఫిల్ములు చేసింది నువ్వు. ఒకదానిమీద ఒకటి పల్చటి కోబాల్టు, ప్లాటినం పొరలు. సగం వాటి మీద అయాన్లు కొట్టించావు, సగం అలాగే ఉంచావు. అవునా?"

"అవును, నేనే చేసిన. పేపర్ మీద పేరు మాత్రం మీ అల్లునిది."

"కార్తీక్ కూడా కష్టపడ్డాడు..."

"ఏం కష్టపడ్డడు సార్? నా ఫిల్ముల డబ్బా మూత తీసిండు. గంతే గదా?"

"గొడవలొద్దు ప్రియా. అయాన్లు కొడితే పొరలు ఇంకా చక్కగా సర్దుకుంటాయని రాశాం. ఇప్పుడు వేరే ల్యాబు వాళ్ళు చేసి చూస్తే పొరలు కలిసిపోతున్నాయట, అయస్కాంతం బలం పడిపోతోందట. రేపటిలోగా జవాబివ్వకపోతే జర్నల్ వాళ్ళు పేపరు తీసేస్తారు. నా పరువు పోతుంది."

"అయాన్లు దూసుకుపోతే పొరలు కలవక ఏమైతయి?"

"మరి మన ఫిల్ముల్లో..."

"మన?"

"సరే, నీ ఫిల్ముల్లో! వెనక ఎర్ర చుక్క పెట్టినవాటిలో పొరలు ఎంత శుభ్రంగా, విడివిడిగా ఉన్నాయో!"

"చుక్క పెట్టినవే అయాన్లు కొట్టినవని మీకెవరు చెప్పిన్రు?"

"అదేంటి? గుర్తు పెట్టేది కొట్టినవాటికే కదా?"

"మీ దిక్కు గట్లనేమో. మా ఇంట్ల అల్లం తవ్వినంక విత్తనానికి ఉంచిన బుట్టకు ఎర్రమన్ను చుక్క పెడ్తరు, ఎవ్వరు ముట్టొద్దని. నాకు గదే అలవాటు. చుక్క పెట్టినవి ముట్టనివి సార్."

"దేవుడా! అంతా తారుమారు రాశామా?"

"నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె. అడిగితే పేరు పెట్టాల్సొస్తదని అడగలే."

"తప్పయింది. గుర్తులు నువ్వే కలగాపులగం చేశావని జర్నల్ వాళ్ళకి చెప్పు. నీ పేరు మొదట పెడతాను."

"వాహ్! శాలువా కప్పేటప్పుడు అల్లుని పేరు, ఇజ్జత్ పోయేటప్పుడు నా పేరా? నా చదువు నాశనం జేసి, నా ఇంటికే వచ్చి గీ మాట అడుగుతున్నరు. జరంత సిగ్గనిపిస్తలేదా?"

"అచ్చుకి వెళ్ళేముందు ఎవరైనా చెప్పుంటే ఆపేసేవాణ్ణి తల్లీ!"

"నాకెరుకే సార్. అచ్చుకు పోకముందే ల్యాబుల దోస్తు ఒకామె మీ పేపర్ నాకు పంపింది. మొత్తం చదివిన. మీరు ఆపుతరనే చెప్పలే."