వరాలు మొగుణ్ణెత్తిన కత

వరాలని మా ఊళ్లో ఒకామె. ఈనుపుల్లంత మనిషనుకో. దాని మొగుడు సింహాచలం తాటిసెట్లు గీసి కల్లు దించీవోడు. ఏటైందంటే, ఒకనాడు వాన తడి మీద సెట్టెక్కినాడు, మోకు జారిపోనాది, పడిపోనాడు. పేనం దక్కినాది గానీ నడుం కింద నుంచీ సచ్చుబడిపోనాది. ఇంక మంచమే. మంచమ్మీంచి కుర్చీలోకి మార్సాలన్నా, దొడ్లోకి తీసికెల్లాలన్నా వరాలు వల్ల కాదు కదా, పక్కింటి గవరయ్యనీ ఆడి తమ్ముణ్ణీ కేకేసీది. మంచోల్లే, కంచం కాడి నుంచైనా లేచొచ్చీవోరంట. ఒచ్చీవోరు గానీ సింహాచలానికి సిగ్గు. మరుండదేటి? ఎవులూ ఎక్కలేని సెట్లెక్కిన మనిషి. అలగుండగా ఒకనాడు వరాలు మంచం కింద తుడుస్తంటే మట్టి తడితడిగా ఉన్నాది. ఏటిదని సూస్తే, తాగమని ఇచ్చిన నీల్లన్నీ కిందకి ఒంపేస్తన్నాడంట! పెదాలెండిపోయి ఉన్నాయి. ఏటి మావా ఇదీ అని అడిగితే, నీల్లు తాగితే దొడ్లోకెల్లాల, ఎల్లాలంటే ఆల్లని పిలవాల, 'ఎన్నిసార్లు పిలుస్తావే, ఆల్లకి మాత్రం పనుల్లేవా?' అని మొకం గోడేపు తిప్పేసుకున్నాడంట. ఇంక దానికి తిండేటి, నిద్దరేటి.

ఆ రోజుల్లోనే మా పంచాయితీవోల్లు పాత బడి గదిలో జిమ్మని పెట్టినారు. గోడల్నిండా అద్దాలు, కిందంతా ఇనుము. పైడిరాజని, బరువుల పోటీలకెల్లొచ్చినోడు, ఆడు నేర్పుతాడు. వరాలు సంతకెల్తా కిటికీలోంచి సూసినాదంట. ఒకడు నేల మీదున్న ఇనప కడ్డీని, రెండేపులా బిల్లలున్నదాన్ని, నడుం దాకా లేపినాడు. 'ఎంతుంటాది బావూ ఆ బరువు?' అంటే, 'ఒక మనిషంత ఉంటాది పిన్నీ' అన్నాడంట. అంతే, ఆ మాట దాని బుర్రలో పడిపోనాది. మర్నాడు ఎల్లినాది. గుమ్మం దాకా ఎల్లి, లోపల మొగోల్లని సూసి, కోక సర్దుకుని ఎనక్కొచ్చేసినాది. ఆ మర్నాడు ఏటి సేసినాదనుకున్నారు? సీపురట్టుకెల్లినాది! సీపురుంటే ఎవులడుగుతారు సెప్పు? ఊడిసినాది. మల్లీ ఊడిసినాది. ఆ గది అంత సుబ్బరంగా ముందెప్పుడూ నేదంట. ఊడుస్తా ఊడుస్తా ఆల్లెలగొంగుతన్నారు, ఎలగ లేస్తన్నారు, అన్నీ సూసినాది. ఒక మజ్జానం ఎవులూ నేరని సీపురు పక్కనెట్టి కడ్డీ పట్టుకున్నాది. లేస్తాదా? బలమంతా పెట్టి లాగినాది, సెయ్యి జారి ఎనక్కి సతికిలబడిపోనాది. అప్పుడే ఒచ్చినారు కుర్రోల్లు. 'ఏటి పిన్నీ, పోటీలకెల్దామనే?' అని ఒకడంటే మిగతావోల్లు పొట్టలట్టుకుని నవ్వినారంట. పాపం, సీపురక్కడే ఒగ్గేసి ఇంటికి పరుగెట్టినాది.

ఇంటికొచ్చి ఏడుస్తా మొగుడికి అంతా సెప్పినాది. సీపురు సంగతి, కడ్డీ సంగతి, పడిపోయిన సంగతి. ఆడు ఇన్నాడు, ఇన్నాడు, పకపకా నవ్వినాడంట! పడిపోయిన కాణ్ణుంచీ నవ్వని మనిషి. 'నువ్వూ నవ్వుతావా మావా' అని ఇది ఇంకా ఏడుపు. అప్పుడు సింహాచలం ఏటన్నాడంటే, 'ఒసే, నాను సెట్టెక్కడం నేర్సినప్పుడు సగందాకా ఎల్లి జర్రున జారిపోయీవోణ్ణి. రొమ్మంతా గీరుకుపోయీది. తాటిసెట్టుకి గోడలుంటాయేటే దాక్కోడానికి? ఊరంతా కిందనే నిలబడి నవ్వీది. నవ్వి నవ్వి ఎవుల పనికాల్లు పోయీవోరు. నాను మల్లీ ఎక్కీవోణ్ణి. నీకు నయం కాదేటి, గోడలున్నాయి!' అనేసి, సెంబుడు నీల్లు తెమ్మన్నాడంట. తెచ్చిస్తే గటగటా తాగేసినాడు. 'తాగేసినాను. ఇంక నువ్వు నేర్సుకోవాల్సిందే' అన్నాడంట. సూసినారా, ఎంత పని సేసినాడో!

మర్నాడు తిన్నగా పైడిరాజు కాడికెల్లి, 'ఊడవడానికి కాదు బావూ నాను ఒచ్చింది. మా ఆయన్ని ఎత్తాల' అన్నాది. ఆడు నవ్వనేదు. సొంత అక్కతో అన్నట్టు, 'ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదప్పా' అని సేతిలో ఒక కర్ర పెట్టినాడంట. వొట్టి కర్ర! నడుం వొంచకు, మోకాల్లొంచు, బరువుని వొంటికి దగ్గిరగా లాక్కో, అదే మల్లీ మల్లీ. పక్కన కుర్రోల్లు ఇనుమెత్తుతంటే ఇది కర్రెత్తుతున్నాది, సిగ్గుతో సచ్చిపోతన్నాది. అందరూ నన్నే సూస్తన్నారని అద్దంలోకి ఓరకంట సూసినాదంట. సూస్తే ఏటున్నాది? ఒకడు ఆడి కండ ఆడే సూసుకుంతన్నాడు, ఇంకొకడు పొట్ట లోపలకి లాక్కుని మురిసిపోతన్నాడు. దీన్ని సూసీ తీరిక ఎవుడికుందనీ! ఆ రోజు నుంచీ సగం సిగ్గు పోనాది. అలగని అన్ని రోజులూ ఉషారుగా ఎల్లిందనుకోకండి. నీల్ల బిందె ఎత్తనేనంత సేతులు పీకిన రోజులున్నాయి, ఇంక నా వొల్ల కాదని కూలబడిన రోజులున్నాయి. అప్పుడు పైడిరాజు, 'ఏటీ సెయ్యొద్దప్పా, ఒచ్చి ఊరికే కూకుని ఎల్లిపో' అనీవోడంట. ఇది ఎల్లి కూకునేది. కూకున్నాక ఊరుకోబుద్ది కాదు కదా, లేచి కర్రట్టుకునేది. కర్ర పోయి కడ్డీ ఒచ్చినాది, కడ్డీకి బిల్లలొచ్చినాయి. ఆ నవ్విన కుర్రోడే బిల్లలు తగిలించి ఇచ్చీవోడంట.

ఒక పొద్దున్న మొగుడి సేతులు మెడ సుట్టూ ఏసుకుని, మోకాల్లొంచి ఎత్తబోయినాది. ఇద్దరూ కలిసి మంచమ్మీద పడిపోనారు. నవ్వుకున్నారు. కొన్నాల్లాగి మల్లీ ఎత్తినాది. ఈసారి లేచినాడు! వనుకుతా వనుకుతా తిప్పి, కుర్చీలో కూకోబెట్టినాది. అంతలో గవరయ్య ఒచ్చి, కుర్చీలో ఉన్నోణ్ణి సూసి, 'అదేటి బావా, నన్ను పిలవనేదేటి?' అన్నాడు, మనసు నొచ్చుకున్నట్టు. సింహాచలం ఏటన్నాడంటే, 'కూకో గవరయ్యా. ఇంక కబుర్లకి రా' అన్నాడంట. వరాలు ఇద్దరికీ టీ పెట్టినాది.

ఇప్పుడేటంటే, వీదిలో కుర్చీ ఏసుకుని దార్నపోయీవోల్లందరితో కబుర్లాడతా, ఏలకి తింటన్నాడు సింహాచలం, బాగా బరువెక్కినాడు. వరాలైతే, తిను మావా తిను, నానింకో బిల్ల ఏసుకుంతాను, అంటాదంట. మొగుడు లావెక్కితే ఇంత సంబరపడే ఆడదాన్ని నానెక్కడా సూణ్ణేదమ్మా. లెగండి లెగండి, పొద్దెక్కిపోనాది, నా కూర మాడిపోతాది.