బజావా బస్సు

నెవార్క్ ఎయిర్‌పోర్ట్ నుంచి జెర్సీ సిటీకి వెళ్తున్న క్యాబ్. వెనక సీట్లో మానవ్, అతని భార్య ఉజ్వల. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి చూసి వస్తున్నారు.

“అందుకే అంటున్నా, అక్కడ కూడా ఇలా ఒక కారు మాట్లాడుకుని ఉంటే ఇదంతా జరిగేదే కాదు.”

“మళ్ళీ మొదలెట్టకు మానవ్. లోకల్ బస్సుల్లో తిరుగుదామన్నది నేనే. ఒప్పుకున్నా కదా.”

“నిన్ననట్లేదు ఉజ్వలా. నన్ను నేనే అనుకుంటున్నా. పెళ్ళాం ఎక్కిందో లేదో చూసుకోకుండా నిద్రపోయే మొగుడు ఎక్కడైనా ఉంటాడా? సారీ.”

“ఎన్నిసార్లు చెప్తావు?”

“చెప్పనీ.”

“వద్దు. నడుం విరిగిపోతోంది నాకు. కాసేపు కళ్ళు మూసుకో నువ్వు కూడా.”

“మా ఆఫీస్ హంసిక మెసేజ్ పెట్టింది. శనివారం డిన్నర్‌కి రమ్మంటోంది. బస్సు కథ మొత్తం చెప్పాలట.”

“అప్పుడే చెప్పేశావా?”

“కొంచెమే. రూటెంగ్‌లో పొద్దున్నే బస్సెక్కాం, బజావా వెళ్ళాలి. అదేమో జనం నిండేదాకా ఊళ్ళోనే చుట్లు కొట్టింది. పైన మేకలు, లోపల చెవులు పగిలే పాటలు. దారిలో టిఫిన్‌కి ఆపారు, నువ్వు దిగావు, నేను నిద్రపోయా, బస్సు వెళ్ళిపోయింది. అంతవరకే చెప్పా. ఆ తర్వాత నువ్వు ట్రక్కులో వచ్చిన సంగతి నువ్వే చెప్పు.”

“ఏముంది చెప్పడానికి? ట్రక్కులో బెంచీలేశారు. జనం ఎక్కుతున్నారు, నేనూ ఎక్కా.”

“ఆ, దిగడం మాత్రం నవ్వుతూ దిగావు. నేను బజావా బస్టాండ్‌లో నీ ఫోటో పట్టుకుని కనపడ్డ ప్రతివాణ్ణీ అడుగుతుంటే, నువ్వు కాఫీ గింజల బస్తాల మీంచి నవ్వుకుంటూ దిగావు.”

“పక్కన ఒకావిడ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది, తెలుసా. ఎవరు నువ్వు, ఏం చేస్తావు, మీ ఆయనేడీ... ఏమీ అడగలా. అడిగినా నాకు అర్థమయ్యేది కాదనుకో.”

“బాగుంది కదా! అది చెప్పు హంసికకి.”

“ఆ బస్సు కథ అసలు చెప్పొద్దు మానవ్.”

“ఎందుకు? నన్ను చూసేగా నవ్వుతారు. నవ్వనీ.”

“చెప్పొద్దన్నానా!”

“సరే, సరే. ఈ ట్రాఫిక్ చూడు. దీనికంటే ఆ కొండ మలుపులే నయం. రేపట్నుంచి మళ్ళీ అదే రైలు, అదే ఆఫీస్...”

“మానవ్.”

“ఇంట్లో పాలున్నాయా? దార్లో ఎక్కడైనా ఆపమందామా?”

“మానవ్, విను.”

“వింటున్నా. నిద్రపోవడం నాదే తప్పు, నేనింక...”

“నీ నిద్ర గురించి కాదు. బస్సు నన్ను వదిలేసి పోలేదు.”

“అంటే?”

“కండక్టర్ పిలిచాడు. డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. నేను తలుపు ఎదురుగానే ఉన్నా, చేతిలో అరటిపళ్ళు పట్టుకుని. ఎక్కబుద్ధి కాలేదు. వెళ్ళమని చెయ్యి ఊపా.”





“మరి బజావాకెందుకొచ్చావు?”

“ఆ ట్రక్కు అటే వెళ్ళింది.”

“అంతేనా?”

“అంతేనో కాదో నాకే తెలీదు. అలిసిపోయా మానవ్. అక్కడి బస్సుల్లో కాదు, ఇక్కడ. ఇంట్లో. ఈ ట్రిప్ వెళ్ళొస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాం. నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నా.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? నీకు కోపం రావట్లేదా? ఇన్నాళ్ళూ నీచేత సారీలు చెప్పించుకున్నా నేను.”

“రావట్లేదు.”

“ఎందుకని?”

“నేను నిద్రపోలేదు ఉజ్వలా. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఒక్క కేక వేస్తే బస్సు ఆపేవాడే. ఆపాక కూడా నువ్వు ఎక్కనంటే ఏం చెయ్యాలో తెలీక, కళ్ళు మూసుకున్నా.”