కొత్త పెంకుల కింది వాసం

తుఫాను వెళ్ళిన మరుసటి ఎండాకాలం. రేపల్లె అవతల ఒక పాత పెంకుటింట్లో వడ్రంగి నిచ్చెనెక్కి, కప్పును మోసే వాసాలను ఉలిపిడితో కొట్టి చూస్తున్నాడు. ఇంటావిడ కింద నిచ్చెన పట్టుకుంది.

“గోడలు సముద్రం నీళ్ళు తాగినయ్యమ్మా. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఉప్పు పొంగుద్ది. గుమ్మాలకి చెద పట్టింది.”

“పైన ఎట్టా ఉంది మేస్త్రీ?”

“రెండు వాసాలు మార్చాలి. ఇదేంటి, ఇక్కడ మాత్రం కొత్త పెంకులు? గాలికి లేచిపోయినయ్యా?”

“లేదయ్యా. అటక మీదికీ నీళ్ళొస్తే మేమే లోపల్నించి పగలగొట్టాం. నేను ఆ సందులోంచే పైకెక్కా.”

“ఇంకెవరున్నారమ్మా?”

“మా అత్తయ్య. భారీ మనిషి, సందులో పట్టలేదు. ఆ పక్క వాసం విరగ్గొడతానంటే, వద్దే, కప్పు కూలితే నువ్వూ పోతావంది.”

అతను ఆ వాసం మీద వేలు ఆనించాడు. వేలు లోపలికి దిగిపోయింది. ఏనాటిదో పుచ్చు. లోపలంతా పొడి.

“అది గట్టిదేనా మేస్త్రీ? ఆ రోజు నేను గట్టిగా గుద్దితే విరిగేదా?”

“గొడ్డలేసినా విరగదమ్మా. చేవగల టేకు.”

“అంతేనా! రోజూ దాన్ని చూస్తానే పడుకుంటన్నా.”

“పక్కవాటితో పాటు దీన్నీ మారుద్దాం. లేకపోతే ఎత్తు కలవదు.”

“సరే. పాతది పెరట్లో పడెయ్. పొయ్యిలోకి పనికొస్తది.”

“వద్దమ్మా,” అన్నాడతను, వేలికంటిన పొడిని పంచెకు తుడుచుకుంటూ. “దాన్ని నేనే తీసుకుపోతా.”